జింకు తక్కువ, రాగి ఎక్కువ: టైప్ 2 మధుమేహంలో ఈ అంకెలు గుండె గురించి ఏం చెబుతాయి?

మీ ప్రశ్నను ముందుగా నాకు అర్థమైనంత మేరకు చెబుతాను. మీకు యాభై ఆరేళ్లు, పన్నెండేళ్లుగా టైప్ 2 మధుమేహం ఉంది, మీ తండ్రిగారు గుండెపోటుతో పోయారు. ఇటీవల చేయించుకున్న రక్తపరీక్షల్లో జింకు, సెలీనియం మామూలు కంటే తక్కువగానూ, రాగి కొంచెం ఎక్కువగానూ వచ్చాయి. జింకు, సెలీనియం, క్రోమియం కలిపిన గుళికలు వేసుకుంటే గుండెపోటు ముప్పు తగ్గుతుందా, తగ్గితే ఎంత మోతాదు వాడాలి అని అడిగారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ కాగితం మీది అంకెలు చాలావరకు మీ జబ్బు ప్రస్తుతం ఎలా ఉందో చెబుతున్నాయే తప్ప, గుళికలతో ఆ అంకెలను సరిచేస్తే గుండె భద్రంగా ఉంటుందని చెప్పడం లేదు. ఇరవై ఏళ్లకు పైగా మధుమేహ రోగులకు వైద్యం చేస్తున్నవాడిగా ఈ మాట ఎందుకు అంటున్నానో కాస్త విపులంగానే రాస్తాను.

మీ అనుమానం అర్థం లేనిదేమీ కాదు. టైప్ 2 మధుమేహం ఉన్నవారికి గుండె రక్తనాళాల జబ్బు వచ్చే అవకాశం, అది లేనివారితో పోలిస్తే సుమారు రెండింతలు ఉంటుంది. రక్తపోటు, కొలెస్టెరాల్, పొగతాగడం వంటివన్నీ లెక్కలోకి తీసుకున్నా ఇంకా కొంత ముప్పు మిగిలిపోతుంది. ఆ మిగులుకు ఖనిజాలు కారణమేమోనని పరిశోధకులు చాలాకాలంగా వెతుకుతున్నారు. అలా వెతకడానికి తగిన ఆధారమూ ఉంది. కణాలలో ఆక్సీకరణ ఒత్తిడిని, అంటే ఆక్సిజన్ నుంచి పుట్టే చురుకైన అణువులు కణాలకు చేసే హానిని, అదుపులో ఉంచే ప్రధానమైన ఎంజైములు ఏదో ఒక ఖనిజం లేనిదే పనిచేయవు. సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్‌లో ఒక రకానికి రాగి, జింకు కావాలి, కణాల శక్తి కేంద్రాలైన మైటోకాండ్రియాలో ఉండే మరో రకానికి మాంగనీసు కావాలి. గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్‌కు సెలీనియం, కాటలేజ్‌కు ఇనుము కావాలి. మధుమేహంలో రక్తనాళాల లోపలి పొర దెబ్బతినడంలో ఆక్సీకరణ ఒత్తిడికి పాత్ర ఉందన్నదీ నిజమే. అయితే ఈ రెండు నిజాలనూ పక్కపక్కన పెట్టి, కాబట్టి ఖనిజాలు వేసుకుంటే గుండె బాగుంటుందని మూడో వాక్యం రాసేయడం దగ్గరే చిక్కంతా ఉంది. గుళికల డబ్బాల మీద మాత్రం ఆ మూడో వాక్యమే పెద్ద అక్షరాలతో కనిపిస్తుంది.

మీరు ఎక్కువగా భయపడుతున్నది జింకు గురించే కనుక దానితో మొదలుపెడతాను. ఇన్సులిన్‌కూ జింకుకూ ఉన్న సంబంధం పాతది, గట్టిది. క్లోమంలోని బీటా కణాలు ఇన్సులిన్‌ను నిల్వ చేసుకునేటప్పుడు ఆరు ఇన్సులిన్ అణువులు రెండు జింకు అయాన్లను పట్టుకుని ఒక గుత్తిగా ఏర్పడతాయి. జింకు ఉంటే ఇన్సులిన్ చక్కగా స్ఫటికాలు కడుతుందని 1934లో టొరంటోలో పనిచేసిన స్కాట్ చూపించారు. ఆ జ్ఞానంతోనే రెండేళ్ల తర్వాత, ఎక్కువసేపు పనిచేసే ప్రోటమిన్ జింకు ఇన్సులిన్ వచ్చింది. ఇక్కడి వరకు చదివిన ఎవరికైనా, జింకు ఎంత ఎక్కువ చేరితే బీటా కణానికి అంత మేలు కదా అనిపిస్తుంది. కానీ జింకును ఆ నిల్వ సంచుల్లోకి చేరవేసే ప్రోటీన్ ఒకటుంది, దాని పేరు జింక్ ట్రాన్స్‌పోర్టర్ 8. ఆ ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి పనిచేయకుండా పుట్టినవారిలో మధుమేహం ఎక్కువగా ఉండాలని అందరూ అనుకున్నారు. 2014లో వెలువడిన జన్యు అధ్యయనంలో మాత్రం అటువంటివారికి టైప్ 2 మధుమేహం వచ్చే అవకాశం సుమారు 65 శాతం తక్కువగా ఉన్నట్టు తేలింది. శరీరంలో జరిగే పని తెలిసినంత మాత్రాన ఫలితాన్ని ఊహించలేమని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనబడదు.

ఇక గుండె సంగతి. ఫిన్లాండ్‌లో టైప్ 2 మధుమేహం ఉన్న 1,059 మందిని ఏడేళ్లపాటు గమనించి 2007లో ప్రచురించిన అధ్యయనాన్ని ఈ విషయంలో తరచుగా ఉదహరిస్తారు. మొదట్లో రక్తంలోని ద్రవ భాగంలో (సీరంలో) జింకు లీటరుకు 14.1 మైక్రోమోల్స్ లేదా అంతకంటే తక్కువ ఉన్నవారిలో 20.8 శాతం మంది గుండె ధమనుల జబ్బుతో మరణించగా, అంతకంటే ఎక్కువ ఉన్నవారిలో 12.8 శాతం మంది మరణించారు. తేడా చిన్నదేమీ కాదు, కొట్టిపారేయదగిన అధ్యయనమూ కాదు. కానీ ఆ 14.1ని మన ల్యాబు కాగితాల మీద ఉండే కొలతలోకి మార్చి చూడండి. అది డెసిలీటరుకు సుమారు 92 మైక్రోగ్రాములు అవుతుంది. సాధారణంగా జింకు లోపం అని రాసే హద్దు 60 నుంచి 70 మైక్రోగ్రాముల దగ్గర ఉంటుంది. అంటే ఆ అధ్యయనంలో తక్కువ అని లెక్కవేసిన వారిలో చాలామందికి, ఏ ల్యాబులో చూపించుకున్నా జింకు మామూలుగానే ఉందని రాసిచ్చేవారు. కనుక అది జింకు లోపం వల్ల వచ్చిన మరణాల కథ కాదు, జింకు కాస్త తక్కువగా ఉన్న మనుషుల కథ. ఆ మనుషులకు జింకు ఎందుకు తగ్గిందో అడగడం మన పని.

జింకు తగ్గడానికి కారణాలు మధుమేహంలోనే ఉన్నాయి. రక్తంలో చక్కెర ఎక్కువై మూత్రంలోకి పోతున్నప్పుడు దానితోపాటు జింకు కూడా ఎక్కువగా పోతుంది. రక్తపోటుకు వాడే థయాజైడ్ మాత్రలు ఆ నష్టాన్ని ఇంకా పెంచుతాయి. సీరంలోని జింకులో అధిక భాగం ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌కు అంటుకుని ఉంటుంది కాబట్టి ఆల్బుమిన్ తగ్గితే జింకు అంకె కూడా తగ్గుతుంది. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్, అంటే దెబ్బకో ఇన్‌ఫెక్షన్‌కో శరీరం చూపే వాపు వంటి స్పందన, ఉన్నప్పుడు కాలేయం జింకును రక్తంలోంచి తనలోకి లాక్కుంటుంది. చక్కెర అదుపులో లేనివారు, మూత్రపిండాలు దెబ్బతింటున్నవారు, ఇన్‌ఫ్లమేషన్ ఎక్కువగా ఉన్నవారు గుండెజబ్బుకు దగ్గరగా ఉన్నవారే. ఫిన్లాండ్ పరిశోధకులు ఇటువంటి కొన్ని అంశాలను సరిచూసినా, మందు ఏదీ ఇవ్వకుండా కేవలం గమనించే పరిశీలనాత్మక అధ్యయనంలో అన్నిటినీ పూర్తిగా విడదీయడం సాధ్యపడదు.

పరీక్ష గురించి కూడా ఒక మాట చెప్పాలి. భోజనం తర్వాత జింకు అంకె తగ్గుతుంది, ఉదయానికీ సాయంత్రానికీ మారుతుంది. మామూలు ట్యూబు రబ్బరు మూతనుంచి జింకు కలిసినా, రక్తకణాలు పగిలినా అంకె పెరుగుతుంది. లోహాలు లేని ప్రత్యేకమైన ట్యూబులో, పరగడుపున తీసిన రక్తం కాకపోతే ఆ అంకె మీద ఏ నిర్ణయమూ తీసుకోకూడదని నేను మా జూనియర్లకు చెబుతుంటాను. మీ రిపోర్టులో రక్తం మధ్యాహ్నం రెండున్నరకు తీసినట్టు ఉంది. అప్పటికి మీరు భోజనం చేసి ఉంటే, ఆ జింకు అంకెకు నేను పెద్ద విలువ ఇవ్వను.

మీ రిపోర్టులో రాగి ఎక్కువగా రావడం కూడా ఇదే గాటన కడతాను. రక్తంలోని రాగిలో చాలా భాగం సెరులోప్లాస్మిన్ అనే ప్రోటీన్‌లో ఉంటుంది. ఇన్‌ఫ్లమేషన్ ఉన్నప్పుడు కాలేయం ఆ ప్రోటీన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది కాబట్టి రాగి పెరుగుతుంది, జింకు తగ్గుతుంది. ఈ రెంటి నిష్పత్తి చూసి గుండెజబ్బును అంచనా వేయవచ్చన్న ఆలోచన 1970ల నుంచీ ఉంది, అది పనికిమాలిన ఆలోచన కూడా కాదు. కానీ ఆ నిష్పత్తిని సరిచేయడానికి జింకు మింగడమంటే, జ్వరం తగ్గడానికి థర్మామీటరును చన్నీళ్లలో ముంచడమే.

థర్మామీటరును ముంచినందువల్ల కనీసం ప్రమాదమేమీ లేదు, జింకు విషయంలో ఆ భరోసా కూడా లేదు. నా దగ్గరకు వచ్చిన ఒక పెద్దాయన సంగతి చెబుతాను. పదిహేనేళ్ల మధుమేహం, అరికాళ్లు మొద్దుబారాయి, నడకలో తూలు వచ్చింది. డయాబెటిక్ న్యూరోపతీ (మధుమేహం వల్ల నరాలు దెబ్బతినడం) అనే అందరం అనుకున్నాం, నేను కూడా అలాగే రాసి పంపాను. ఆరునెలల తర్వాత హిమోగ్లోబిన్ తగ్గుతూ, తెల్లకణాలు కూడా పడిపోతుంటే అప్పుడు అనుమానం వచ్చి, మందుల సంచీ మొత్తం బల్ల మీద పోయమన్నాను. అందులో ఎవరూ రాయని జింకు గుళికలు ఉన్నాయి, రోజుకు రెండు చొప్పున మూడేళ్లుగా వాడుతున్నారు. ఒక్కొక్కదానిలో యాభై మిల్లీగ్రాముల జింకు. రాగి పరీక్ష చేయిస్తే దాదాపు అడుగంటిపోయింది. ఎక్కువ జింకు పేగుల కణాల్లో మెటాలోథయోనిన్ అనే ప్రోటీన్‌ను పెంచుతుంది, ఆ ప్రోటీన్ రాగిని పట్టుకుని రక్తంలోకి పోనివ్వదు. పేగు కణాలు రాలిపోయినప్పుడు ఆ రాగి కూడా మలంలో పోతుంది. జింకు ఆపించి రాగి ఇచ్చాక రక్తకణాలు రెండు నెలల్లో కోలుకున్నాయి గాని, నడక మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. మొదటిసారే సంచీ పోయమని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

పెద్దలకు జింకు రోజుకు 40 మిల్లీగ్రాములు మించకూడదన్న పరిమితి ముఖ్యంగా ఈ రాగి లోపాన్ని దృష్టిలో పెట్టుకునే నిర్ణయించారు. అవసరం మగవారికి 11, ఆడవారికి 8 మిల్లీగ్రాములు మాత్రమే. గుండె మాట ఎత్తారు కనుక ఇంకొక సంగతి కూడా చెప్పాలి. 1980లో ప్రచురించిన ఒక చిన్న ప్రయోగంలో పన్నెండుమంది ఆరోగ్యవంతులైన మగవారికి రోజుకు 160 మిల్లీగ్రాముల జింకు ఐదు వారాలు ఇస్తే, మంచి కొలెస్టెరాల్ అని మనం పిలిచే హెచ్‌డీఎల్ నాలుగో వంతు తగ్గింది. గుండె కోసం వేసుకున్న మందు హెచ్‌డీఎల్‌ను తగ్గించడం విడ్డూరమే. డబ్బా మీద అంకె చదివేటప్పుడు జింకు లవణం బరువును, అందులోని అసలు జింకునూ వేరుగా చూడండి. 220 మిల్లీగ్రాముల జింకు సల్ఫేట్‌లో జింకు ఉండేది 50 మిల్లీగ్రాములే.

సెలీనియం విషయంలో కథ ఇంకా హెచ్చరికగా ఉంటుంది. సెలీనియం లేకపోతే గుండె దెబ్బతింటుందన్నది నూటికి నూరుపాళ్లు నిజం. చైనాలోని కెషాన్ ప్రాంతంలో 1935లో బయటపడ్డ గుండె కండరాల జబ్బుకు నేలలో సెలీనియం లేకపోవడం ప్రధాన కారణమని తేలింది. సోడియం సెలెనైట్ మాత్రలతో ఆ జబ్బును అక్కడ అరికట్టగలిగారు. ఇది విన్న తర్వాత, మనకూ తక్కువగా ఉంది కదా, వేసుకుంటే పోలా అనిపించడం సహజం. కానీ సెలీనియం సరిపడా ఉన్నవారికి ఇంకా ఇస్తే ఏమవుతుందో వేరే ప్రయోగాలు చూపించాయి. అమెరికాలో చర్మ క్యాన్సర్ నివారణ కోసం రోజుకు 200 మైక్రోగ్రాముల సెలీనియం ఇచ్చిన ఒక ప్రయోగంలో, మొదట్లో మధుమేహం లేని 1,202 మందిని సగటున ఏడేళ్లకు పైగా గమనిస్తే సెలీనియం తీసుకున్నవారిలో 58 మందికి, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 39 మందికి టైప్ 2 మధుమేహం వచ్చింది. ఆ ఫలితం 2007లో వచ్చింది. సెలీనియం విషయంలో తక్కువైనా కష్టమే, ఎక్కువైనా కష్టమే, మధ్యలో ఉన్న దారి సన్నగా ఉంటుంది. అప్పటికే చక్కెర జబ్బు ఉన్న మనిషి చేతికి ఆ గుళికను, నిజమైన లోపం రుజువు కానంతవరకు, నేను ఇవ్వను.

జింకు, సెలీనియం రెంటినీ కలిపి ఇచ్చి చూసిన పెద్ద ప్రయోగం కూడా ఒకటి ఉంది. ఫ్రాన్స్‌లో 13,017 మంది పెద్దలకు సుమారు ఏడున్నరేళ్లు 20 మిల్లీగ్రాముల జింకు, 100 మైక్రోగ్రాముల సెలీనియం, మూడు విటమిన్లు కలిపి గాని, ఉత్తుత్తి గుళిక గాని ఇచ్చారు. 2004లో వచ్చిన ఫలితాల్లో గుండె రక్తనాళాల జబ్బు విషయంలో రెండు వర్గాల మధ్య తేడా కనబడలేదు. వారందరూ మధుమేహులు కారు, ఆ మాట ఒప్పుకోవాలి.

క్రోమియం గురించి ఎక్కువ రాయను. చక్కెరను అదుపు చేసే అంశంగా దానికి 1959లో పేరు వచ్చింది. తర్వాత, ముక్కు ద్వారా గాని నోటి ద్వారా గాని కాకుండా నెలల తరబడి రక్తనాళం ద్వారానే ఆహారం తీసుకున్న ఒకరిద్దరు రోగుల్లో క్రోమియం ఇచ్చాక చక్కెర మెరుగుపడటంతో ఆ పేరు నిలబడింది. అయినా మామూలుగా తింటున్నవారిలో క్రోమియం లోపాన్ని నిర్ధారించే పరీక్షే లేదు. 2014లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ, క్రోమియం మనిషికి అత్యవసరమైన పోషకమని చెప్పడానికి నమ్మదగ్గ ఆధారం లేదంటూ రోజువారీ మోతాదు నిర్ణయించడానికే నిరాకరించింది. గుండెపోట్లు తగ్గుతాయన్న ప్రసక్తి అక్కడికి రానేలేదు.

ఖనిజాల అంకె నిజంగా వైద్యం మార్చే సందర్భాలు రెండు ఉన్నాయి, అవి మీరు చేయించుకున్న రక్తపరీక్షల ప్యాకేజీలో పెద్దగా కనబడవు. మొదటిది ఇనుము. ఇనుము లోపం ఉంటే హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు చక్కెరను చెప్పే పరీక్ష) ఉన్నదానికంటే ఎక్కువగా కనబడుతుంది, కాబట్టి రక్తహీనత ఉన్నవారిలో ఆ ఒక్క అంకె చూసి చక్కెర మందులు పెంచేస్తే పొరపాటు జరుగుతుంది. గుండె వైఫల్యం ఉన్నవారిలో ఇనుము నిల్వను చెప్పే ఫెరిటిన్ 100 కంటే తక్కువ ఉన్నా, లేదా 100 నుంచి 299 మధ్య ఉండి రక్తంలో ఇనుమును మోసే ప్రోటీన్ ఎంత నిండి ఉందో చెప్పే ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ 20 శాతం కంటే తక్కువ ఉన్నా ఇనుము లోపంగానే లెక్కిస్తారు. అటువంటివారికి రక్తనాళం ద్వారా ఇనుము ఎక్కించడం వల్ల ఆయాసం తగ్గి నడక మెరుగవుతుందని 2009 నుంచి వచ్చిన ప్రయోగాలు చూపించాయి. రెండోది మెగ్నీషియం. నిక్కచ్చిగా చెప్పాలంటే అది సూక్ష్మ ఖనిజం కాదు, ఒంట్లో సుమారు 25 గ్రాములు ఉంటుంది, అందులో రక్తంలో తిరిగేది ఒక శాతం లోపే. అదుపు లేని చక్కెర, మూత్రం ఎక్కువగా పోయే మందులు, ఏళ్ల తరబడి వాడే ఎసిడిటీ మాత్రలు మూడూ దాన్ని తగ్గిస్తాయి. బాగా తగ్గితే గుండె లయ తప్పుతుంది, అది ప్రాణాంతకం కూడా కావచ్చు. మీరు నాలుగేళ్లుగా ఎసిడిటీ మాత్ర వాడుతున్నానని రాశారు కాబట్టి, జింకు కంటే ముందు నేను మెగ్నీషియం చూపించమంటాను.

ఈ చర్చలో అన్నిటికంటే నన్ను ఆలోచింపజేసిన ఉదంతం ఒంటికి అక్కరలేని లోహాలది. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ ఒంట్లో ఎక్కువగా ఉన్నవారికి గుండెజబ్బు ముప్పు ఎక్కువని ఆధారాలు బలంగానే ఉన్నాయి. 2023లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వాటిని ముప్పు కారకాలుగా గుర్తిస్తూ ప్రకటన కూడా చేసింది. అంతకు పదేళ్ల ముందు, గుండెపోటు వచ్చి కోలుకున్న 1,708 మందికి లోహాలను లాగేసే ఈడీటీఏ మందును నలభైసార్లు నరంలోకి ఎక్కించిన ప్రయోగం ఫలితం 2013లో వచ్చింది. మొత్తం మీద లాభం స్వల్పమే, కాని మధుమేహం ఉన్న 633 మందిని విడిగా చూస్తే గుండెపోటు, పక్షవాతం, మరణం వంటివి 38 శాతం నుంచి 25 శాతానికి తగ్గినట్టు కనబడింది. ఎవరికైనా ఆశ పుట్టించే అంకె అది. నాకూ పుట్టింది. అందుకే ఈసారి మధుమేహం, పాత గుండెపోటు రెండూ ఉన్న వెయ్యిమందితోనే ప్రయోగాన్ని మళ్లీ చేశారు. 2024లో వచ్చిన ఫలితం ప్రకారం రక్తంలో సీసం 61 శాతం తగ్గింది, గుండె సంఘటనలు మాత్రం మందు ఎక్కించినవారిలో 35.6 శాతం, ఉత్తుత్తి ద్రవం ఎక్కించినవారిలో 35.7 శాతం. రక్తంలో లోహం తగ్గింది, గుండెకు మాత్రం ఆ మేలు చేరలేదు. చిన్న వర్గంలో కనబడ్డ పెద్ద లాభాన్ని నమ్ముకోకూడదని మేం చదువుకునే రోజుల్లోనే చెప్పారు, కాని ఇంత స్పష్టంగా కళ్లెదుట చూడటం అరుదు. మీ చేతిలో ఉన్న పని ఒకటి మాత్రం ఉంది. పొగాకు కాడ్మియంకు పెద్ద మూలం కాబట్టి, మీరు పొగ తాగుతుంటే మానేయడమే కాడ్మియం తగ్గించుకునే మంచి మార్గం.

ఇప్పుడు మీ విషయానికే వస్తాను. గుండె ముప్పును నిజంగా తగ్గించినవి ఏమిటో అంకెలతో చెప్పగలిగే స్థితిలో ఉన్నాం. కొలెస్టెరాల్ తగ్గించే స్టాటిన్ మందుల్లో ఒకటైన అటోర్వాస్టాటిన్ 10 మిల్లీగ్రాములు, అంతవరకు గుండెజబ్బు లేని 2,838 మంది టైప్ 2 మధుమేహులకు ఇచ్చిన ప్రయోగంలో పెద్ద గుండె సంఘటనలు 37 శాతం తగ్గాయి. డెన్మార్క్‌లో మూత్రంలో ఆల్బుమిన్ పోతున్న 160 మందికి చక్కెర, రక్తపోటు, కొలెస్టెరాల్ అన్నిటినీ ఒకేసారి గట్టిగా అదుపు చేస్తే, సుమారు ఎనిమిదేళ్లలో గుండె రక్తనాళాల సంఘటనలు దాదాపు సగానికి తగ్గాయి. అప్పటికే గుండెజబ్బు ఉన్న మధుమేహులకు ఎంపాగ్లిఫ్లోజిన్ అనే చక్కెర మందు ఇస్తే ఆ కారణంతో వచ్చే మరణాలు 38 శాతం తగ్గాయి. ఇదే వరుసలో పెట్టడానికి, టైప్ 2 మధుమేహం ఉన్నవారిలో ఖనిజ గుళికలు గుండెపోట్లను తగ్గించాయని నిరూపించిన పెద్ద ప్రయోగం ఒక్కటి కూడా నేను చూపించలేను. మీ ఉత్తరంలో జింకు, సెలీనియం గురించి రెండు పేరాలు ఉన్నాయి, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్టెరాల్) గాని, మూత్రంలో ఆల్బుమిన్ గాని ఎంతో మాత్రం ఎక్కడా లేదు. స్టాటిన్ వేసుకుంటున్నారో లేదో కూడా రాయలేదు. తండ్రిగారికి గుండెపోటు వచ్చిన మీకు, నా దృష్టిలో, అవే మొదటి ప్రశ్నలు.

కాబట్టి ఆ గుళికలు ఇప్పుడే మొదలుపెట్టవద్దు. పేగుల జబ్బు, బరువు తగ్గే శస్త్రచికిత్స, దీర్ఘకాలం మద్యం, తిండి బాగా తగ్గిపోవడం వంటి కారణం ఏదైనా ఉంటే తప్ప, పరగడుపున సరైన ట్యూబులో జింకు ఒక్కసారి మళ్లీ చూపించుకుంటే చాలు. అప్పుడు కూడా బాగా తక్కువగా వస్తే, మీ వైద్యుని సలహాతో కొద్ది నెలలు తక్కువ మోతాదులో వేసుకోవచ్చు, దాని ఉద్దేశం లోపాన్ని తీర్చడమే గాని గుండెను కాపాడటం కాదని గుర్తుంచుకోండి. మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడుతున్నారు కనుక బీ12 చూపించుకోండి. మూత్రపిండాల పనితీరు తగ్గి ఉంటే మెగ్నీషియం సొంతంగా వేసుకోవద్దు, అది ఒంట్లో పేరుకుపోతుంది. థైరాయిడ్ మాత్ర వాడుతున్నట్టయితే జింకు, ఇనుము, మెగ్నీషియం ఏది వేసుకున్నా దానికీ థైరాయిడ్ మాత్రకూ నాలుగు గంటలు ఎడం ఉంచండి. ఈసారి వైద్యుని దగ్గరకు వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మందులు, గుళికలు, పొడులు, ఎవరు రాసిచ్చినవైనా సరే, ఒక్కటీ వదలకుండా సంచిలో వేసుకుని వెళ్లి బల్ల మీద పోయండి. వాటి పక్కన ఎల్‌డీఎల్, రక్తపోటు, మూత్రంలో ఆల్బుమిన్, హెచ్‌బీఏ1సీ రాసిన కాగితం పెట్టి, ముందుగా వాటి గురించే అడగండి.